వాల్టర్ విల్లెట్ 40 ఏళ్ళ పరిశోధన: తిండికీ క్యాన్సర్‌కీ సంబంధం తేలిందా, లేదా?

చింతచిగురు

హైదరాబాద్‌లో న్యూట్రిషన్ ఎమ్మెస్సీ చదువుతున్నాను. వచ్చే నెల సెమినార్‌కి నాకు వాల్టర్ విల్లెట్ పేరు పడింది. హార్వర్డ్‌లో తిండి, అలవాట్లు, క్యాన్సర్ మీద 40 ఏళ్ళకి పైగా పనిచేసిన మనిషి. ఆయన పేపర్లు చదివేకొద్దీ నాకు దిగులు పట్టుకుంది. కొవ్వు తింటే రొమ్ము క్యాన్సర్ వస్తుందా అంటే, లెక్కల్లో కనపడలేదన్నారు. సెలీనియం అనే ఖనిజం కాపాడుతుందా అంటే లేదన్నారు. పళ్ళూ కూరగాయలూ క్యాన్సర్‌ని ఆపుతాయా అంటే, మొదట్లో అనుకున్నంత కాదన్నారు. జీవితమంతా ధారపోసి చివరికి చెప్పింది ఇదేనా? నాకు పీహెచ్‌డీ కూడా ఇదే దారిలో చేయాలని ఉంది. నాన్నేమో "వారానికో మాట మార్చే సబ్జెక్టు, దాంట్లో ఏముందమ్మా" అంటున్నారు. ఆయనకి ఏం చెప్పాలి? తెలిసినవాళ్ళు మొహమాటం లేకుండా చెప్పండి.

వేపపుల్ల

మీ నాన్నగారి మాటే నా మాట కూడా. 2013లో ఇద్దరు పరిశోధకులు ఒక వంటల పుస్తకం తెరిచి, ఎలా పడితే అలా 50 దినుసులు ఏరారు. వాటిలో 40 దినుసులకి క్యాన్సర్‌తో ముడిపెడుతూ ఎవరో ఒకరు పేపర్ రాసేశారు. ఉల్లిపాయ, టమాటా, నిమ్మకాయ, గుడ్డు, ఏదీ వదల్లేదు. ఒకే దినుసు పెంచుతుందని ఒకరు, తగ్గిస్తుందని ఇంకొకరు. ఆ ఇద్దరిలో ఒకరు స్టాన్‌ఫర్డ్‌లో ఉన్న జాన్ అయోనిడిస్. ఈ రంగం మొత్తాన్ని సరిదిద్దాలని 2018లో మళ్ళీ గట్టిగా రాశారు. అంత పెద్దాయనే అంటుంటే మనం నమ్మేదేమిటి?

గోంగూర_ప్రియ

మిగతా 10 ఏమిటో చెప్పండి, అవే వండుకుంటాం 😀

వేపపుల్ల

అల్లం, లవంగం, బాదం, వంటసోడా, బిర్యానీ ఆకు లాంటి ఆకు ఒకటి, ఇంకా కొన్ని ఉన్నాయి.

గోంగూర_ప్రియ

బిర్యానీకి మసాలా దొరికింది. ఇక బియ్యం సంగతి చూడాలి.

డేటా_దుర్గ

నేను బయోస్టాటిస్టిక్స్‌లో పనిచేస్తాను. ఇది కాస్త పెద్ద పోస్ట్, ఓపిక పట్టండి.

వేపపుల్ల గారు చెప్పిన 40 దినుసుల గోల నిజమే. అయితే ఆ గోలలో ఎక్కువ భాగం చిన్న చిన్న స్టడీలది. విల్లెట్ చేసిన పని వేరు. 1976లో ఫ్రాంక్ స్పైజర్ అనే డాక్టర్ అమెరికాలో 11 రాష్ట్రాల నర్సులకి ఉత్తరాలు రాశారు. అప్పటి ప్రశ్న గర్భనిరోధక మాత్రలు, సిగరెట్ల గురించి. 30 నుంచి 55 ఏళ్ళ మధ్య ఉన్న నర్సులు 1,21,700 మంది జవాబిచ్చారు. నర్సులనే ఎందుకంటే, వాళ్ళకి జబ్బు పేరు సరిగ్గా రాయడం తెలుసు. వాళ్ళకి రెండేళ్ళకోసారి మళ్ళీ ప్రశ్నలు పంపుతూనే ఉన్నారు. విల్లెట్ వచ్చి 1980లో దాంట్లో తిండి కలిపారు. 61 పదార్థాల జాబితా, ఏది ఎన్నిసార్లు తింటారో గుర్తు పెట్టాలి, అంతే.

ఇందులో అసలు కిటుకు ఏమిటంటే, తిండి గురించి ముందే అడిగారు. క్యాన్సర్ వచ్చినవాళ్ళ దగ్గరికి వెళ్ళి "మీరు అప్పట్లో ఏం తిన్నారు" అని అడిగితే, వాళ్ళు ఆ బాధలో ప్రతి ముద్దనీ తప్పుపట్టుకుంటారు. ఆరోగ్యంగా ఉన్నప్పుడే రాయించుకుని, ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఎవరికి జబ్బు వచ్చిందో చూడటం వేరు.

ఇప్పుడు చింతచిగురు దిగులు సంగతి. 1980ల ముందు అమెరికాలో అందరూ నమ్మిన మాట ఏమిటంటే, కొవ్వు ఎక్కువ తినే దేశాల్లో రొమ్ము క్యాన్సర్ ఎక్కువ, కాబట్టి కొవ్వే కారణం అని. కానీ ఆ దేశాల్లో డబ్బు ఎక్కువ, పిల్లలు తక్కువ, బరువు ఎక్కువ, పొడుగు కూడా ఎక్కువ. 1987లో విల్లెట్ బృందం 89,538 మంది నర్సుల లెక్క తీస్తే కొవ్వు ఎక్కువ తిన్నవాళ్ళకీ తక్కువ తిన్నవాళ్ళకీ తేడా కనపడలేదు. అది నాలుగేళ్ళ లెక్కే, చాలదు అని కొందరన్నారు. 1999లో 14 ఏళ్ళ లెక్కతో మళ్ళీ చూశారు. మళ్ళీ అదే జవాబు. అందరూ అవునంటున్న చోట మన దగ్గరున్న లెక్క కాదంటే, దాన్ని అచ్చువేయడానికి గుండె కావాలి. నా దృష్టిలో ఆయన కెరీర్‌లో అన్నిటికంటే విలువైన పేపర్ అదే.

వేపపుల్ల

దుర్గ గారూ, అంతా బాగుంది. కానీ నిన్న రాత్రి ఏం తిన్నానో నాకే గుర్తుండదు. పోయిన ఏడాది క్యారెట్ ఎన్నిసార్లు తిన్నారంటే నర్సులు మాత్రం ఏం చెప్తారు? పునాదే ఊహ అయితే పైన ఎన్ని లక్షల మందిని పేర్చి ఏం లాభం?

అట్లాంటా_అక్క

నేను ఇక్కడ నర్సుని. మూడో విడత నర్సుల స్టడీ 2010లో మొదలైంది, దాంట్లో చేరాను. ఆన్‌లైన్‌లో నింపుతాం. "నెలకి ఒకసారి కంటే తక్కువ" దగ్గర మొదలుపెట్టి "రోజుకి ఆరు, అంతకంటే ఎక్కువ" దాకా గడులుంటాయి. వేపపుల్ల గారూ, నిన్న రాత్రి ఏం తిన్నారో మర్చిపోవచ్చు. "రోజూ పెరుగు తింటారా, నెలకోసారా" అంటే ఠక్కున చెప్పేస్తారు కదా. అడిగేది అదే.

నాకు చిక్కొచ్చిన చోటు వేరే. ఆ జాబితాలో దోసె ఎక్కడ వెతకను? పప్పుచారు ఏ గడిలో వేయను?

డేటా_దుర్గ

వేపపుల్ల గారి ప్రశ్న విల్లెట్‌నీ వేధించిందే. అందుకే బోస్టన్ దగ్గర 173 మంది నర్సుల చేత తిన్న ప్రతిదీ త్రాసులో తూచి రాయించారు. ఒక వారం కాదు, ఏడాదిలో వేర్వేరు కాలాల్లో నాలుగు వారాలు. తర్వాత ఆ తూకాలని వాళ్ళు నింపిన కాగితంతో పోల్చారు. కొన్ని పోషకాలకి బాగా కుదిరింది, కొన్నిటికి అంతంతమాత్రం. ఎంత తప్పు వస్తుందో కూడా లెక్కగట్టి పేపర్లో పెట్టారు.

ఇంకోటి చెప్తాను, నాకు ఇష్టమైన ముచ్చట. సెలీనియం ఎంత తిన్నారో ప్రశ్నలడిగి తెలుసుకోలేం. గోధుమ ఏ నేలలో పండిందన్న దాన్ని బట్టి మారిపోతుంది. అందుకని 1980ల మొదట్లో నర్సులని కాలిగోళ్ళు కత్తిరించి కవర్లో పెట్టి పోస్టు చేయమన్నారు. గోరు మెల్లగా పెరుగుతుంది కాబట్టి కొన్ని నెలల కిందట ఒంట్లోకి చేరిన సెలీనియం దాంట్లో నిలిచి ఉంటుంది. 62 వేలమందికి పైగా గోళ్ళు పంపారు! వాటిని దాచిపెట్టి, జబ్బు వచ్చినవాళ్ళవీ రానివాళ్ళవీ తీసి పోల్చారు. రొమ్ము క్యాన్సర్‌కీ దానికీ సంబంధం కనపడలేదు. 1990లో ఆ మాటే అచ్చువేశారు.

గోంగూర_ప్రియ

62 వేలమంది గోళ్ళు. ఆ కవర్లు విప్పిన వాళ్ళకి దండం పెట్టాలి 🙏

పల్లెడాక్టర్

"కాదు, లేదు" అని తేల్చడం చిన్న పని అనుకుంటున్న వాళ్ళకి ఒక సంగతి. బీటా కెరోటిన్ గుర్తుందా? క్యారెట్‌లో ఉండే రంగు పదార్థం. పళ్ళూ కూరగాయలూ తినేవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువ కనపడింది కాబట్టి, దాన్ని మాత్రగా చేసి పొగతాగేవాళ్ళకి ఇద్దామన్నారు. ఫిన్లాండ్‌లో 29,133 మంది మగవాళ్ళ మీద ట్రయల్ చేశారు. 1994లో ఫలితం చూస్తే మాత్ర వేసుకున్నవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ! అమెరికాలో ఇంకో ట్రయల్‌ని 1996లో మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. విటమిన్ ఇ కథా అంతే. 35 వేలమంది మగవాళ్ళ ట్రయల్‌లో, ఆ మాత్ర వేసుకున్నవాళ్ళలో ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువని 2011లో తేలింది.

నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగంమంది చేతిలో ఏదో ఒక డబ్బా ఉంటుంది. యాంటీఆక్సిడెంట్ అనో, ఇమ్యూనిటీ అనో. కీమో మానేసి జ్యూసులు తాగుతూ ఇంట్లో కూర్చున్న మనిషిని చూశాను. తిరిగి వచ్చేసరికి చేయగలిగింది పెద్దగా లేకపోయింది. కాబట్టి "లేదు" అన్న జవాబు మా దగ్గర ప్రాణాలు కాపాడే జవాబు.

తెనాలి_అమ్మాయి

ఈ చర్చ చూసి రాయకుండా ఉండలేకపోయాను. అమ్మకి రొమ్ము క్యాన్సర్ అని తెలిసినప్పుడు పరామర్శకి వచ్చిన ప్రతివాళ్ళూ మొదట అడిగింది "ఏం తినేదమ్మా?" అని. ఇంట్లో నాన్‌స్టిక్ పెనం వాడారా, ప్యాకెట్ పాలు తాగారా, ఫ్రిజ్‌లో పెట్టింది తిన్నారా అని కూడా. అమ్మ జీవితమంతా అన్నం, పప్పు, మజ్జిగతో గడిపిన మనిషి. ఇప్పుడు బాగానే ఉంది, మందులు వాడుతోంది. కానీ ఇప్పటికీ రాత్రుళ్ళు అడుగుతుంది, "నేను ఏం తప్పు తిన్నానే" అని. ఇన్ని లక్షలమందిని చూసిన శాస్త్రం మా అమ్మకి ఏం చెప్తుంది?

డేటా_దుర్గ

తెనాలి_అమ్మాయీ, మీ అమ్మగారికి చెప్పండి: ఆవిడ ఏ తప్పూ తినలేదు. లక్షమందిలో ఎంతమందికి వస్తుంది, ఆ సంఖ్య దేనివల్ల కాస్త పెరుగుతుంది, దేనివల్ల కాస్త తగ్గుతుంది, ఈ లెక్కలు చెప్పేది అంతవరకే. ఫలానా మనిషికి ఎందుకు వచ్చిందో ఈ లెక్కలు ఎప్పుడూ చెప్పలేదు, చెప్పలేవు.

ఉదాహరణకి 1990లో వచ్చిన పేపర్ చూడండి. రోజూ ఎర్రమాంసం తినే నర్సులకి, నెలకోసారి కూడా తిననివాళ్ళ కంటే పెద్దపేగు క్యాన్సర్ రెండున్నర రెట్లు అన్నారు. వినడానికి భయం వేస్తుంది. కానీ 88,751 మందిని 6 ఏళ్ళు చూస్తే ఆ జబ్బు వచ్చింది మొత్తం 150 మందికి. తిన్నవాళ్ళలో చాలా చాలా మందికి రాలేదు, తిననివాళ్ళలో కొందరికి వచ్చింది.

పల్లెడాక్టర్

దుర్గ గారి మాటకి నాదీ సంతకం. ఆడదై పుట్టడం, వయసు పెరగడం, ఇవే రొమ్ము క్యాన్సర్‌కి అన్నిటికంటే పెద్ద కారణాలు. వాటికి ఎవరిని తిడతాం? మీ అమ్మగారిని పరామర్శించడానికి వచ్చినవాళ్ళని ఈసారి "మీరు మామోగ్రామ్ చేయించుకున్నారా" అని అడగండి.

తెనాలి_అమ్మాయి

రేపు పొద్దున్నే దుర్గ గారి పోస్ట్ అమ్మకి చదివి వినిపిస్తాను. ఇద్దరికీ థాంక్స్.

రెండో_అభిప్రాయం

విల్లెట్‌ని మరీ ఆకాశానికి ఎత్తకండి. కొవ్వు సంగతి అంత తేలిగ్గా తేలిపోలేదు. 48,835 మంది ఆడవాళ్ళతో అమెరికా ప్రభుత్వం పెద్ద ట్రయల్ చేసింది. ఒక గుంపుకి కొవ్వు తగ్గించి, కూరగాయలూ ధాన్యాలూ పెంచమన్నారు. 2006లో చూస్తే రొమ్ము క్యాన్సర్ 9 శాతం తక్కువ వచ్చింది, అది యాదృచ్ఛికం కూడా కావచ్చు అన్నారు. సరే. కానీ అదే గుంపుని దాదాపు 20 ఏళ్ళు చూశాక, ఆ జబ్బుతో చనిపోవడం 21 శాతం తక్కువని 2019లో చెప్పారు. కొవ్వు తగ్గించడం వల్లా, బరువు తగ్గడం వల్లా, కూరగాయల వల్లా? విడదీయలేం. "సంబంధం లేదు" అని తలుపు మూసేయడం తొందరపాటే.

వేపపుల్ల

ఇంకోటి కలపండి. 2013లో క్యాథరిన్ ఫ్లెగల్ అనే ప్రభుత్వ శాస్త్రవేత్త, కాస్త లావుగా ఉన్నవాళ్ళలో మరణాలు తక్కువని పేపర్ రాస్తే, విల్లెట్ రేడియోలో అదంతా చెత్త, చదివి టైమ్ వృథా చేసుకోవద్దన్నారు. నేచర్ పత్రిక సంపాదకీయం రాసి మరీ ఆయన తీరుని తప్పుపట్టింది. మీరు చెప్పే ధైర్యం ఇదేనా?

డేటా_దుర్గ

ఆ మాట అనకుండా ఉండాల్సింది, ఒప్పుకుంటాను. ఆయన వాదనలో మాత్రం పస ఉంది. జబ్బు చేసి చిక్కిపోయినవాళ్ళు, సిగరెట్ తాగి సన్నబడ్డవాళ్ళు సన్నవాళ్ళ లెక్కలో కలిస్తే లావుగా ఉన్నవాళ్ళు ఆరోగ్యంగా కనపడతారు. అది నోరు పారేసుకోకుండానే చెప్పొచ్చు.

రెండో_అభిప్రాయం గారూ, మీ పాయింట్ సరైందే. విడదీయలేకపోవడం ట్రయల్‌కైనా తప్పదని మీరే చూపించారు. బరువు దగ్గర మాత్రం నర్సుల లెక్క గట్టిది. 18 ఏళ్ళప్పటి నుంచి 25 కిలోలు, అంతకంటే ఎక్కువ పెరిగినవాళ్ళకి, ముట్లుడిగాక రొమ్ము క్యాన్సర్ 45 శాతం ఎక్కువని 2006లో చెప్పారు. మద్యం కొద్దిగా తాగినా ముప్పు పెరుగుతుందని 1987లోనే చెప్పారు. ఇవి "లేదు" జవాబులు కావు, చింతచిగురూ. నీ జాబితాలో ఇవి పడలేదు.

సిక్కోలు_చిన్నోడు

హార్వర్డ్ దాకా వెళ్ళారు, మా ఊరి మాట ఎవరూ ఎత్తలేదు. మాది శ్రీకాకుళం జిల్లా. అడ్డపొగ తెలుసా మీకు? చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొసని నోట్లో పెట్టుకుని తాగడం. మా వైపు ముసలమ్మలు అలాగే తాగేవారు. మా మామ్మ కూడా. చుట్ట నోట్లోనే ఉంచుకుని మాట్లాడేది, వరి నాట్లు వేసేది, మనవల్ని కొట్టేది. గాలికి నిప్పు ఆరదు, బూడిద రాలదు, రెండు చేతులూ ఖాళీ. ఆ వేడికి అంగిలి మీద తెల్లటి మచ్చలు, పుళ్ళు లేస్తాయి, కొన్ని క్యాన్సర్‌గా మారొచ్చు. మిగతా ప్రపంచంలో అంగిలికి క్యాన్సర్ రావడం అరుదు, మా దగ్గర అలా కాదు.

1960లలోనే బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ నుంచి ఫాలీ మెహతా బృందం, డెన్మార్క్ నుంచి పిండ్‌బోర్గ్ అనే నోటి జబ్బుల నిపుణుడు మా జిల్లా ఊళ్ళ మీద పనిచేశారు. 1971లో వచ్చిన పేపర్లో 10,169 మంది ఊరివాళ్ళ నోళ్ళు చూసిన లెక్క ఉంది. వాళ్ళలో నూటికి 40 మందికి పైగా అడ్డపొగ తాగేవాళ్ళే. ఇల్లిల్లూ తిరిగి, నోరు తెరిపించి, టార్చి వేసి చూడటమంటే మాటలా? తర్వాత ప్రకాశ్ గుప్తా లాంటివాళ్ళు ఆ పని కొనసాగించారు. మా జిల్లా, కేరళలో ఎర్నాకుళం, గుజరాత్‌లో భావనగర్, మూడు చోట్లా కలిపి 36 వేలమంది పొగాకు వాడేవాళ్ళకి మానమని నచ్చచెప్పి, ఏటేటా నోళ్ళు చూస్తూ పోయారు. మానితే మచ్చలు తగ్గుతాయని 1986లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు. నాకు తెలిసి ఒక అలవాటు మాన్పించి క్యాన్సర్ ముప్పు తగ్గించవచ్చని ఊళ్ళలో చూపించిన పనుల్లో ఇంత పెద్దవి చాలా తక్కువ.

పల్లెడాక్టర్

సిక్కోలు_చిన్నోడు గారూ, ఈ చర్చకి కావాల్సిన పోస్ట్ ఇది. మన దేశంలో మగవాళ్ళలో అన్నిటికంటే ఎక్కువ కనిపించేవాటిలో నోటి క్యాన్సర్ ఒకటి. గుట్కా, ఖైనీ, చుట్ట, బీడీ మానకుండా పసుపు పాలు తాగితే ఏం ఒరుగుతుంది? 1981లో డాల్, పీటో అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు అమెరికా క్యాన్సర్ మరణాల్లో 35 శాతం తిండి వల్లేమో అన్నారు. ఆ పక్కనే "10 నుంచి 70 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు" అనీ రాశారు. పొగాకుకి 30 శాతం అన్నప్పుడు ఆ ఊగిసలాట లేదు. తిండి ముఖ్యమే, కానీ మన దగ్గర పొగాకు ముందు.

డేటా_దుర్గ

ఇంకా విను చింతచిగురూ. శ్రీకాకుళంలో తిండి మీద కూడా పని జరిగింది. జేమ్స్ హీబర్ట్ అని అమెరికన్ శాస్త్రవేత్త, గుప్తా బృందం కలిసి ఆ జిల్లా తిండికి తగ్గట్టు ప్రశ్నల కాగితం తయారు చేసుకుని, నోట్లో మచ్చలున్నవాళ్ళనీ లేనివాళ్ళనీ పోల్చారు. 2002లో వచ్చిన ఆ పేపర్లో, జింక్ ఎక్కువ అందినవాళ్ళలో మచ్చలు తక్కువ. తర్వాత హీబర్ట్ పేరు ఒంట్లో వాపు (ఇన్‌ఫ్లమేషన్) పెంచే తిండి, తగ్గించే తిండి అని లెక్కగట్టే సూచీతో బాగా వినిపించింది. అట్లాంటా_అక్క గారి దోసె ప్రశ్నకి జవాబు కూడా ఇదే. హార్వర్డ్ జాబితా అమెరికా నర్సులకి. మన జాబితా మనమే రాసుకోవాలి.

అట్లాంటా_అక్క

అదీ మాట. ఇక్కడ పుట్టిన మా పిల్లల తరాన్ని ఎవరైనా అలా అడిగితే బాగుండు. పొద్దున సీరియల్, రాత్రి సాంబారన్నం.

చింతచిగురు

ఇన్ని పోస్టులు వస్తాయనుకోలేదు. నాన్నకి చదివి వినిపించాను. గోళ్ళ కవర్ల దగ్గర ఆయన చదువుతున్న పేపర్ పక్కన పెట్టి విన్నారు. అడ్డపొగ దగ్గర "మా మేనత్త తాగేది" అన్నారు! ఇన్నేళ్ళలో నాకు ఎప్పుడూ చెప్పలేదు. పీహెచ్‌డీకి ఇంకా సరే అనలేదు, "గైడ్ ఎవరు, స్టైపెండ్ ఎంత" దాకా వచ్చారు.

సెమినార్‌లో విల్లెట్‌తో మొదలుపెట్టి శ్రీకాకుళంలో ముగిస్తాను. పాడి రైతుల ఇంట్లో పుట్టి, కూరగాయలు పండించి అమ్మిన డబ్బు కాలేజీ ఫీజుకి వాడుకున్న విల్లెట్ అనే కుర్రాడు ఈ పనిలోకి వచ్చాడన్నది కూడా చెప్పాలని ఉంది. దుర్గ అక్కా, ఇక్కడ ఇలాంటి పని ఎక్కడ దొరుకుతుంది?

డేటా_దుర్గ

నీ పక్కనే ఉంది. రంగారెడ్డి జిల్లాలో 29 ఊళ్ళలో 1987లో మొదలైన పోషకాహార ట్రయల్‌లో పుట్టిన పిల్లల్ని ఇప్పటికీ చూస్తున్నారు. ఏపీకాప్స్ అంటారు, జాతీయ పోషకాహార సంస్థ అందులో భాగస్వామి. అది ప్రధానంగా గుండె, షుగర్ కోసం. కానీ పని నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు. క్యాన్సర్ లెక్కలకి హైదరాబాద్‌లో కేసులు నమోదు చేసే క్యాన్సర్ రిజిస్ట్రీ ఉంది. ముందు స్టాటిస్టిక్స్ గట్టిగా చదువు. ఆర్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ నేర్చుకో. తర్వాత ఒక ప్రశ్నల కాగితం నువ్వే రాసి, మీ వీధిలో ఓ పాతికమంది మీద ప్రయత్నించు.

గిన్నెల కొలతతో జాగ్రత్త. "ఒక గరిటె పప్పు" అంటే ఏ గరిటె? వాళ్ళింటి గరిటే తెమ్మని, నీళ్ళు పోసి కొలువు. నూనె మాత్రం మనిషిని అడగొద్దు. ఇంటికి నెలకి ఎన్ని ప్యాకెట్లు, తినేవాళ్ళు ఎంతమంది అని అడుగు.

రెండో_అభిప్రాయం

ఎండాకాలంలో ఒకసారి, చలికాలంలో ఒకసారి అడగండి. మామిడిపళ్ళ కాలంలో అడిగితే మన రాష్ట్రం మొత్తం పండ్లు తెగ తింటున్నట్టు వస్తుంది.

గోంగూర_ప్రియ

ఊరగాయకి వేరే వరస పెట్టాలి. ఉప్పూ నూనే రెండూ దాంట్లోనే ఉంటాయి. చెంచాల్లో కాదు, ముక్కల్లో అడగండి.

వేపపుల్ల

నా నమ్మకం పూర్తిగా మారలేదు, కానీ నేనూ ఒకటి చెప్తాను. కార్తీకమాసం చూసుకోండి. మా ఇంట్లో ఆ నెలంతా చికెన్ ఉండదు. అప్పుడు అడిగితే మేం పుట్టు శాకాహారులమని రాసుకుంటారు.

చింతచిగురు

రాసుకున్నాను వేపపుల్ల గారూ. శ్రావణం కూడా కలిపాను. కాగితం తయారయ్యాక ఇక్కడే పెడతాను, మొదట మీరే నింపాలి.